పాత లేతు కొంటున్నారా? రంగు కాదు, బెడ్డు చూడండి

ఇంటి షెడ్డులో మిషను పెట్టుకోదలచిన వారు తెలుసుకోవలసిన సంగతులు

నాట్లు ముమ్మరంగా సాగే రోజుల్లో పంపుసెట్టు షాఫ్టు అరిగిపోయిందంటే రైతుకు కాలూ చెయ్యీ ఆడదు. ఊళ్లో వెల్డింగ్ షాపు ఉంటుంది. కాని అరిగిన చోట వెల్డింగు పోసినంత మాత్రాన పని పూర్తి కాదు. పోసిన లోహాన్ని మళ్లీ గుండ్రంగా, బేరింగు సరిగ్గా ఎక్కే కొలతకు చెక్కాలి. ఆ పని లేతు మీద తప్ప కుదరదు. ఇంజనుకు బుష్షు కావాలన్నా, ట్రాక్టరు పనిముట్టుకు పిన్ను కావాలన్నా, చెరకు రసం మిషను రోలరు అరిగినా ఇదే తంతు. షాఫ్టును గోనె సంచిలో చుట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కు బస్సెక్కాలి. పని ఒక గంట. తిరుగుడు ఒక రోజు.

అందుకే కృష్ణా డెల్టా గ్రామాలలో వెల్డింగ్ షాపులు నడిపేవారికి, ఐటిఐ చదివి ఊళ్లోనే బతకదలచిన కుర్రవాళ్లకు సొంతంగా ఒక లేతు పెట్టుకోవాలనే ఆశ ఉంటుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలను కర్ర తరిమెన మీద తిప్పి చేస్తారని అందరికీ తెలుసు. లేతు అంటే ఇనుముకు తరిమెన. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కనుక చూపు పాత మిషన్ల మీదకు పోతుంది. మంచి పాత లేతు దొరికితే అది కొడుకుల కాలం దాకా పని చేస్తుంది. చెడ్డది దొరికితే షెడ్డులో టన్ను బరువు అప్పు కూర్చున్నట్టే.

తల్లి గొలుసు కుదువపెట్టి...

పామర్రు వైపు ఒక గ్రామంలో వెల్డింగ్ షాపు నడుపుతున్న యువకుడి అనుభవమే ఇందుకు ఉదాహరణ. తల్లి మెడలోని గొలుసు, నాలుగు గాజులు బ్యాంకులో కుదువపెట్టి అతడు ఆరడుగుల లేతు ఒకటి కొన్నాడు. మిషనుకు లక్షా ముప్పై వేలు. లారీకి, క్రేనుకు అదనం. బేరం అయిన రోజున ఆ మిషను పెళ్లికూతురులా ఉంది. పచ్చరంగు నిగనిగలాడుతోంది. అమ్మినతను స్విచ్చి వేసి చూపించాడు. చప్పుడు లేకుండా తిరిగింది. ఇంకేం కావాలనుకున్నాడు.

ఇంటికి తెచ్చాక మొదట వచ్చిన పని ఒక పంపు షాఫ్టు. చెక్కి చూస్తే ఒక కొసన బేరింగు ఎక్కింది. రెండో కొసన ఎక్కలేదు. అడుగు పొడవున కొలిస్తే ఆ కొసకూ ఈ కొసకూ మిల్లీమీటరులో పన్నెండు వందో వంతులు తేడా వచ్చింది. ముప్పై మిల్లీమీటర్ల షాఫ్టు మీద బేరింగు కూర్చునే చోట రెండు వందో వంతులు తేడా వస్తేనే పని చెడుతుంది. అమ్మినతనికి ఫోను చేస్తే, తిరిగే మిషనే ఇచ్చాను కదా అన్నాడు. చేతిలో బిల్లు లేదు. రాసుకున్న కాగితం అంతకన్నా లేదు. వారం రోజులు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

చివరకు రైల్వేలో టర్నరుగా చేసి రిటైరైన పెద్దాయనను ఎవరో తీసుకొచ్చారు. ఆయన మిషను ముట్టుకోలేదు. ముందు నేలకేసి చూశారు. "అబ్బాయ్, దీన్ని ఎక్కడ నిలబెట్టావో చూసుకున్నావా?" అని అడిగారు. ఆ సంగతి చివర చెప్పుకుందాం. ముందు, కొనేచోట ఆ యువకుడు చూడవలసినవి ఏమిటో తెలుసుకోవాలి.

ఇవి ఎక్కడి నుంచి వస్తాయి?

పాత లేతులు మార్కెట్లోకి రావడానికి కారణాలు కొన్ని ఉన్నాయి. పెద్ద వర్కుషాపులు కంప్యూటరుతో నడిచే సిఎన్‌సి మిషన్లు పెట్టుకుని చేతితో నడిపేవాటిని అమ్మేస్తాయి. మూతబడిన ఫ్యాక్టరీల సామాను వేలానికి వస్తుంది. ప్రభుత్వ సంస్థలు పాతబడిన యంత్రాలను వేలం వేస్తాయి. వీటిని వ్యాపారులు పాడుకుని, బాగుచేసి, రంగువేసి అమ్ముతారు.

వీటిలో పేరున్నవి హెచ్ఎంటి, కిర్లోస్కర్ లేతులు. హెచ్ఎంటి అనగానే మనవాళ్లకు చేతి గడియారం గుర్తుకొస్తుంది. కాని 1953లో బెంగుళూరులో ఆ ప్రభుత్వ సంస్థను స్థాపించింది యంత్రాలను చేసే యంత్రాల కోసం. గడియారాలు ఆ తర్వాత వచ్చాయి. మైసూర్ కిర్లోస్కర్ వారు కర్ణాటకలోని హరిహర్‌లో లేతులు తయారు చేసేవారు. ఇవి బరువైనవి, గట్టివి. ఇవి కాక పంజాబులోని బటాలా, లూధియానా, గుజరాతులోని రాజకోట చిన్న ఫ్యాక్టరీలలో తయారైన తేలిక లేతులు చాలా ఉన్నాయి. ఊరి రిపేరు పనులకు అవీ పనికివస్తాయి. అయితే పేరును బట్టి కాదు, మిషను ఉన్న స్థితిని బట్టి ధర కట్టాలి. బాగా అరిగిన హెచ్ఎంటి కంటే తక్కువ వాడిన రాజకోట లేతు మేలు.

బేరానికి ముందు మిషను బరువు తెలుసుకోవడం మంచిది. ఆరడుగుల లేతు మాదిరిని బట్టి ఆరేడు వందల కిలోల నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది. ఆ బరువుకు పాత ఇనుము లెక్కన ఎంతవుతుందో కట్టుకుంటే అది అడుగు ధర. అంతకు మించి అడిగే ప్రతి రూపాయికీ మిషనులో సత్తువ కనిపించాలి.

బెడ్డే ప్రాణం

లేతుకు బెడ్డు వెన్నెముక వంటిది. మోటారు కాలితే మరొకటి వేసుకోవచ్చు. గేరు విరిగితే చేయించుకోవచ్చు. బెడ్డు అరిగితే గ్రైండింగు చేయించాలి. ఆ ఖర్చు, మిషను విప్పి మళ్లీ బిగించే తిప్పలు కలిపితే చవకగా కొన్న సంతోషం మిగలదు.

బెడ్డు అంతటా ఒకే తీరుగా అరగదు. పనులలో ఎక్కువ భాగం చక్కుకు దగ్గరగానే జరుగుతాయి కనుక ఆ ఒకటిన్నర అడుగుల మేర ఎక్కువ అరుగుతుంది. కిరసనాయిలు గుడ్డతో బెడ్డును శుభ్రంగా తుడిచి, గోరును అడ్డంగా నడిపితే అరిగిన చోటుకూ అరగని చోటుకూ మధ్య మెట్టు తగులుతుంది. గోరుకు మెట్టు గట్టిగా తగిలిందంటే అరుగుదల బాగానే ఉన్నట్టు.

మరో పరీక్ష ఉంది. క్యారేజిని చక్కు దగ్గరకు తెచ్చి, దాన్ని పట్టి ఉంచే పట్టీలను వదులు లేకుండా, కదిలేటంత బిగువుగా బిగించాలి. తర్వాత హాండిలు తిప్పుతూ టెయిల్‌స్టాకు వైపు నడపాలి. చివరిదాకా ఒకే బిగువుతో నడిస్తే బెడ్డు బాగున్నట్టు. మధ్యలోనే పట్టేసి కదలనంటే చక్కు దగ్గర అరిగిపోయినట్టు. అక్కడ సరిపోయేటట్టు బిగిస్తే అరగని చోట అది పట్టేస్తుంది. ఈ పరీక్షకు పావుగంట చాలు. మన యువకుడు చేయనిది ఇదే.

కొత్త రంగు కంటికి ఇంపుగా ఉంటుంది కాని దాని కింద లప్పం ఉండవచ్చు. లప్పం కింద పగులు ఉండవచ్చు. పోత ఇనుముకు వేసిన వెల్డింగు బరువు పడే చోట నమ్మదగింది కాదు. కాళ్ల దగ్గర, హెడ్‌స్టాకు బిగించిన చోట, టెయిల్‌స్టాకు అడుగున టార్చిలైటు వేసి చూడాలి. నూనె, జిడ్డు ఉన్న మురికి మిషను చూసి ముఖం తిప్పుకోనవసరం లేదు. మురికి ఏమీ దాచదు.

తల భాగం, గేర్లు

హెడ్‌స్టాకులోని స్పిండిలు బేరింగులు రెండో ముఖ్య విషయం. చక్కులో గట్టి రాడ్డు బిగించి, దాన్ని చేతితో పైకి లేపి వదిలితే లోపల ఆట తెలుస్తుంది. డయల్ గేజి పెట్టి చూస్తే మరీ మంచిది. తర్వాత మిషనును ఎక్కువ స్పీడులో అరగంట నడపమనాలి. అమ్మేవారు తక్కువ స్పీడులో రెండు నిమిషాలు తిప్పి ఆపేస్తే ఒప్పుకోకూడదు. అరగంట తర్వాత హెడ్‌స్టాకు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బేరింగుల పని అయినట్టే. చిక్కటి నూనె, గ్రీజు దట్టిస్తే చప్పుడు కొంతసేపు అణిగి ఉంటుందనేది మరచిపోరాదు.

గేర్ల పెట్టె మూత తీయించాలి. నూనెలో మెరుపు రజను కనిపిస్తే పళ్లు అరుగుతున్నాయని అర్థం. ప్రతి గేరునూ చేత్తో తిప్పి విరిగిన పన్ను, వెల్డింగు చేసి అరగదీసిన పన్ను ఉన్నాయేమో చూడాలి. అన్ని స్పీడులూ, ముందుకూ వెనక్కూ, వేసి చూడాలి.

మరలు కోయడానికి మార్చి వేసే గేర్లు సెట్టుగా ఉంటాయి. అవి అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. ముఖ్యంగా 127 పళ్ల చక్రం. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. దాన్ని అయిదు రెట్లు చేస్తే 127. లీడు స్క్రూ అంగుళాల లెక్కలో ఉన్న లేతు మీద మిల్లీమీటర్ల మరలు ఖచ్చితంగా పడాలంటే ఆ చక్రం ఉండాలి. మన ఊళ్లలో పాత ఆయిలింజను బోల్టులు అంగుళాల లెక్క, కొత్త ట్రాక్టరు బోల్టులు మిల్లీమీటర్ల లెక్క. రెండు పనులూ వస్తాయి కనుక ఇది చిన్న విషయం కాదు.

లీడు స్క్రూ కూడా చక్కు వైపే ఎక్కువ అరుగుతుంది. ఆ కొసన ఉన్న మర శిఖరం పలచబడి కత్తిలా ఉంటే మరల పని సరిగా రాదు. హాఫ్‌నట్ వేసి క్యారేజిని ముందుకూ వెనక్కూ ఊపితే వదులు తెలుస్తుంది. క్రాస్ స్లైడు హాండిలు పావు చుట్టు తిరిగాక గాని స్లైడు కదలకపోతే దాని నట్టు అరిగినట్టు. ఇది భయపడవలసిన లోపం కాదు. గన్‌మెటల్ నట్టు కొత్తది చేయించి వేసుకోవచ్చు. కాని బేరంలో దాని ఖరీదు తగ్గించమనాలి.

టెయిల్‌స్టాకు సెంటరును హెడ్‌స్టాకు సెంటరు దగ్గరకు తెచ్చి రెండు మొనలూ కలుస్తున్నాయో లేదో పైనుంచీ, పక్కనుంచీ చూడాలి. పక్కకు తేడా ఉంటే స్క్రూలతో సరిచేయవచ్చు. ఎత్తు తగ్గితే అడుగు అరిగిందని అర్థం.

వెంట వచ్చే సామాను

మూడు దవడల చక్కు, నాలుగు దవడల చక్కు, ఫేస్‌ప్లేటు, స్టెడీ, సెంటర్లు, చక్కు తాళం, టూల్‌పోస్టు. ఇవి మిషనుతో వస్తున్నాయా లేదా అన్నది బేరానికి ముందే తేల్చుకోవాలి. విడిగా కొనబోతే ఇవన్నీ కలిసి మిషను ధరలో పెద్ద భాగమే అవుతాయి. మూడు దవడల చక్కు దవడలు కొసన బాగా అరిగితే రాడ్డును లోపలి భాగంతోనే పట్టుకుంటాయి. అది వణుకుతుంది. ఊరి రిపేరు పనికి నాలుగు దవడల చక్కు తప్పనిసరి. వంకరగా అరిగిన పాత సామాను పట్టేది అదే.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష, మన రాడ్డు మనమే పట్టుకుపోయి అక్కడే చెక్కించడం. అంగుళంన్నర మందం రాడ్డును చక్కులో బిగించి, బయటకు నాలుగైదు అంగుళాలు వదిలి, సన్నగా ఒక కోత పెట్టించి రెండు కొసలూ మైక్రోమీటరుతో కొలవాలి. తేడా రెండు మూడు వందో వంతులలోపు ఉంటే సంతోషించవచ్చు. ఇందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నిలబడటం దండగ. తెలిసిన టర్నరు నొకరిని వెంట తీసుకుపోయి, ఆయన కూలి ఆయనకు ఇస్తే ఆ డబ్బు వృథా కాదు.

బిల్లు తప్పక అడగాలి. మిషను పేరు, నంబరు, వెంట వచ్చే సామాను, చెల్లించిన మొత్తం అందులో ఉండాలి. రేపు పేచీ వస్తే చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. బ్యాంకు అప్పు తీసుకోదలచినవారు పాత యంత్రానికి ఇస్తారా లేదా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే మేనేజరు గారిని అడగాలి. చేతి పనిముట్లతో కమ్మరి వృత్తి చేసుకునేవారికి 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పిఎం విశ్వకర్మ పథకం ఉంది. అందులో నమోదైన వారికి పనిముట్లకు 15 వేల రూపాయలు, హామీ లేకుండా 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష, తర్వాత రెండు లక్షల వరకు రుణం వీలుంది.

కరెంటు సంగతి

పాత లేతులకు చాలావాటికి త్రీఫేజు మోటారు ఉంటుంది. ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజు. పక్కనే పొలం ట్రాన్స్‌ఫారం ఉంది కదా అని వ్యవసాయ కనెక్షను నుంచి వైరు లాగడం కొందరికి అలవాటు. ఇది ప్రమాదం, పైగా చట్టవిరుద్ధం. ఒక పనికి ఇచ్చిన కనెక్షనును మరో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెండింతల రేటు కట్టించి వసూలు చేస్తారు. లేతు కొనకముందే కరెంటు ఆఫీసుకు వెళ్లి షెడ్డుకు ఏ కనెక్షను వస్తుందో, ఎంత ఖర్చో కనుక్కోవాలి.

రెండు హార్సు పవర్ల లోపు మోటారయితే మరో దారి ఉంది. సింగిల్ ఫేజును త్రీఫేజుగా మార్చే డ్రైవు పెట్టె దొరుకుతుంది. కొన్ని మోటార్లకు లోపలి కనెక్షను మార్పించాలి. తెలిసిన ఎలక్ట్రీషియను చేయవలసిన పని అది. ఏ విధంగా నడిపినా ఎర్తింగు లేకుండా ఇనుప మిషనుకు కరెంటు ఇవ్వరాదు.

నల్లరేగడి మీద మిషను

ఇక రిటైరైన టర్నరు గారు నేలకేసి ఎందుకు చూశారో చెప్పుకోవాలి. డెల్టా భూమి నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మన యువకుడు మామూలు షెడ్డు గచ్చు మీదే మిషను దింపించాడు. ఒక మూల దిగింది. నులక మంచానికి ఒక కోడు పొట్టిదయితే మంచం ఎలా మెలిబడుతుందో, లేతు బెడ్డు కూడా అలాగే మెలిబడుతుంది. కంటికి తెలియదు. రాడ్డు చెక్కితే తెలుస్తుంది.

ఆ పెద్దాయన తన సొంత లెవెలు తెచ్చి బెడ్డు మీద అడ్డంగా పెట్టారు. తాపీ మేస్త్రి మట్టంగొట్టం ఇందుకు చాలదు. కాళ్ల కింద సన్న రేకులు పెడుతూ, బిగిస్తూ, మళ్లీ చెక్కి కొలుస్తూ ఒక పూటంతా కూర్చున్నారు. పన్నెండు ఉన్న తేడా అయిదుకు దిగింది. అంటే సగం పైగా తప్పు మిషనుది కాదు, నేలది. మిగిలింది మాత్రం బెడ్డు అరుగుదల. దానికి రేకులతో మందు లేదని ఆయన ఖచ్చితంగా చెప్పేశారు.

తర్వాత మిషనును పక్కకు తీయించి, ఆ మేర నల్లమట్టిని మూడడుగుల లోతున తవ్వించి, గ్రావెలు పోసి దిమ్మిస కొట్టించి, పైన చువ్వలు వేసిన కాంక్రీటు దిమ్మ పోయించారు. ఇది మొదటే చేసి ఉంటే రెండోసారి క్రేను ఖర్చు తప్పేది. అయినా వానాకాలం తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి లెవెలు చూసుకోమని చెప్పి వెళ్లారు.

దింపేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. లేతు బరువంతా తల వైపే ఉంటుంది. క్యారేజిని, టెయిల్‌స్టాకును రెండో కొసకు జరిపి బిగించి, తాడు బెడ్డుకు వేయాలి. లీడు స్క్రూకు తాడు తగిలితే అది వంగిపోతుంది. లేపేటప్పుడు మిషను కింద ఎవరినీ నిలబడనీయరాదు.

ఇంట్లో లేతు, ఒంటి మీద జాగ్రత్త

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఉంటాడు. ఇంటి షెడ్డులో ఎవరూ ఉండరు. మెడలో కండువా, లుంగీ, వదులు చొక్కా చేతులు, ఉంగరం, మెడలో తాయెత్తు తాడు, వీటిలో ఏది తిరిగే చక్కుకు చిక్కినా మనిషిని లాగేస్తుంది. లేతు దగ్గర చేతికి గ్లవుజులు కూడా వేసుకోకూడదు. చక్కు తాళం చక్కులోనే వదిలి స్విచ్చి వేస్తే అది తుపాకి గుండులా ఎగురుతుంది. తిరుగుతుండగా రజను చేత్తో లాగరాదు. కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలు ఆడుకునే వాకిట్లో షెడ్డు ఉంటే మెయిను స్విచ్చికి తాళం ఉండాలి.

గొలుసు ఇంటికి వచ్చింది

ఇప్పుడు ఆ షెడ్డులో బుష్షులు, పిన్నులు, పుల్లీలు, పొట్టి షాఫ్టులు తయారవుతున్నాయి. క్రాస్ స్లైడుకు కొత్త నట్టు వేయించాడు. చక్కు దవడలు గ్రైండింగు చేయించాడు. ఊళ్లో అరడజను ట్రాక్టర్ల పని అతని దగ్గరకే వస్తోంది. పొడవు షాఫ్టు ఎవరైనా తెస్తే మాత్రం తన మిషను మీద కాదని చెప్పి ఆటోనగర్‌కు పంపుతాడు. పని చెడగొట్టి డబ్బు తీసుకోవడం కన్నా పంపడమే నయమని అతని లెక్క. అలా పంపడం వల్లనే చుట్టుపక్కల ఊళ్లలో నమ్మకం కుదిరింది.

తల్లి గొలుసు విడిపించి తెచ్చాడు. గాజులు నాలుగూ ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. వచ్చే నాట్ల నాటికి అవీ తెస్తానంటున్నాడు. పావుగంట పరీక్ష, ఒక టర్నరు గారి ఒక రోజు కూలి దగ్గర మిగుల్చుకోబోయింది ఆ గాజుల ఖరీదు అయిందని అతనే చెబుతాడు. కొత్తగా లేతు కొనాలని వచ్చి అడిగేవారికి అతడిచ్చే సలహా ఒక్కటే: జేబులో డబ్బుతో కాదు, ముందు చేతిలో రాడ్డుతో, పక్కన పని తెలిసిన మనిషితో వెళ్లండి.